విండోస్ 10లోనే ఉండాలా, 11కి మారాలా? పాత సిస్టమ్ ఉన్నవాళ్లకు నా సలహా

మా చిన్నాయనకు కర్నూలు వన్‌టౌన్‌లో డీటీపీ షాపు ఉంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, పెద్దకర్మ కార్డులు, ఇదీ ఆయన పని. 2025 అక్టోబర్‌లో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, “రేయ్, సిస్టమ్ ఆన్ చేస్తే స్క్రీన్ నిండా ఏందో వచ్చి కూర్చుంది, విండోస్ 10 అయిపోయిందంటాది, ఇంక రేపట్నుంచి పని చేయదా ఏంది?” అన్నాడు. గొంతులో నిజంగానే టెన్షన్. ఆ నెలంతా నాకు ఇవే ఫోన్లు. ఎరువుల షాపాయన, ఆడిటర్ దగ్గర పనిచేసే అమ్మాయి, కడపలో డిగ్రీ చదివే మా అక్క కూతురు, అందరిదీ ఇదే ప్రశ్న. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ కలిపి ఒకచోట రాస్తే మేలనిపించింది.

10 మంచిదా 11 మంచిదా అని అడిగితే తెగదు, రెండూ బాగానే పనిచేస్తాయి. మీ సిస్టమ్ గురించి వేరే సంగతులు చూసుకోవాలి. దాంట్లో డబ్బు, ఆధార్, పాస్‌వర్డ్‌లు తిరుగుతున్నాయా? దానికి నెట్ ఉందా? దాంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పాత సాఫ్ట్‌వేర్ ఏది, అది ఒక్కరోజు నడవకపోతే మీ షాపు ఆగుతుందా? వీటికి జవాబు మీ దగ్గర ఉంటే సగం నిర్ణయం అయిపోయినట్టే. ఏ యంత్రానికి ఏ పని అని విడదీసుకుంటే చాలామందికి అసలు ఖర్చే ఉండదు. నేను ఇన్నేళ్ల రిపేర్లలో చూసింది ఇదే.

అసలు ఆగిపోయింది ఏంది

విండోస్ 10 వచ్చింది 2015 జూలై 29న. పదేళ్లు గడిచాక 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ దానికి ఉచితంగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. అదే రోజు ఆఫీస్ 2016, ఆఫీస్ 2019లకు కూడా సపోర్ట్ ముగిసింది, ఈ సంగతి చాలామందికి తెలియదు. అంతే తప్ప సిస్టమ్ ఆగదు, ఫైళ్లు పోవు, ప్రింటర్ మానేయదు. ఇంటికి తాళం అట్లే ఉంది, కానీ ఆ తాళాన్ని ఎట్లా తీయాలో దొంగలకు తెలిసిపోయినా ఇక మార్చేవాళ్లు లేరు. ప్రమాదం అంతవరకే, కానీ అది చిన్నది కాదు.

చిన్నది కాదని ఎందుకంటున్నానంటే 2017 మే నెల గుర్తుంది. వానాక్రై అని ఒక వైరస్ ప్రపంచమంతా పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగింది. మన రాష్ట్రంలో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే, మందు విడుదల చేసింది. అప్‌డేట్ వేసుకున్నవాళ్లు తప్పించుకున్నారు, ఆపేసి పెట్టుకున్నవాళ్లు, గడువు తీరిన ఎక్స్‌పీ వాడుతున్నవాళ్లు ఇరుక్కున్నారు. అట్లాంటిది మళ్లీ వస్తే, అప్‌డేట్లు రాని విండోస్ 10 కూడా ఆ రెండో గుంపులోకే చేరుతుంది.

ఇంకోవైపు, రేపే కొంపలు మునగవు కూడా. విండోస్ 7కి 2020 జనవరిలో సపోర్ట్ అయిపోతే, క్రోమ్ బ్రౌజర్ దాన్ని వదిలేసింది 2023లో. మధ్యలో మూడేళ్లు నడిచింది. విండోస్ 10లో కూడా, దాంతోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కు కొత్త వైరస్‌ల సమాచారం 2028 అక్టోబర్ వరకు ఇస్తామన్నారు. అందుకని కంగారుపడి అప్పు చేసి కొత్త కంప్యూటర్ కొనకండి. అట్లాగని బ్యాంకు లాగిన్లు చేసే సిస్టమ్‌ను అట్లే వదిలేయకండి.

మీ సిస్టమ్ 11ని మోస్తుందా

విండోస్ 11 కోసం మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతులు కాగితం మీద చిన్నవే: 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, సెక్యూర్ బూట్ ఉన్న యూఈఎఫ్ఐ (సిస్టమ్‌ను లేపే కొత్త రకం ప్రోగ్రామ్), టీపీఎం 2.0 అనే భద్రతా చిప్. చిక్కంతా ప్రాసెసర్ దగ్గర. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది, అంటే 2017 చివర్లో, ఆ తర్వాత వచ్చినవి. సిస్టమ్ ప్రాపర్టీస్ తెరిస్తే ఐ5 పక్కన అంకె ఉంటుంది. 7400 అని ఉంటే ఏడో తరం, పోయింది. 8250 అని ఉంటే ఎనిమిది, సరే. 10210 అని ఉంటే పదో తరం. ఏఎండీ రైజెన్ అయితే అంకె చూసి నమ్మకండి, 2000 సిరీస్‌లో కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు. పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే చిన్న ప్రోగ్రామ్ ఉంది, దాన్ని నడిపితే ఒక్క నిమిషంలో అవునో కాదో చెబుతుంది.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. ఆ ప్రోగ్రామ్ టీపీఎం లేదు అని ఎర్రగా చూపిస్తే, మదర్‌బోర్డు మార్చాలని చెప్పి డబ్బులు గుంజేవాళ్లు ఉన్నారు. ప్రాసెసర్ ఎనిమిదో తరం దాటి ఉంటే టీపీఎం దాంట్లోనే ఉంటుంది, బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) ఆఫ్ చేసి ఉంటుంది అంతే. సిస్టమ్ ఆన్ కాగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ వరుసగా నొక్కుతూ ఉంటే బయోస్ తెరుచుకుంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని ఒక లైను దొరుకుతుంది, ఎక్కువగా సెక్యూరిటీ పేజీలోనో అడ్వాన్స్‌డ్ పేజీలోనో. డిజేబుల్డ్ అని ఉన్నదాన్ని ఎనేబుల్డ్ చేసి, ఎఫ్10 నొక్కి సేవ్ చేసి బయటికి రావాలి. మా ఎరువుల షాపాయన మదర్‌బోర్డు మార్చడానికి అడ్వాన్స్ ఇచ్చి వచ్చాక నాకు ఫోన్ చేశాడు. పోయి చూస్తే ఆ ఒక్క లైను. రెండు నిమిషాల పని.

ఇంకో సంగతి. పాత సిస్టమ్‌లలో కొన్నిటికి 32 బిట్ (పాత రకం, ఇప్పటిది 64 బిట్) విండోస్ 10 వేసి ఉంటారు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. అట్లాంటి చోట అప్‌గ్రేడ్ బటన్ నొక్కితే అయ్యేది కాదు, మొత్తం తాజాగా వేయాలి. తాజాగా వేయడం అంటే ఏమవుతుందో కింద చెబుతా, ఆ దెబ్బ నేను తిన్నా.

ర్యామ్ 4 జీబీ అని వాళ్లు రాసినా 8 లేకపోతే 11 జోలికి పోవద్దనేది నా గట్టి మాట. హార్డ్ డిస్క్ మీద అయితే అసలు వద్దు. ఆన్ చేసి టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ముందు ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్క్, వేయించుకోండి, పాత సిస్టమ్‌కు అంతకంటే మంచి మందు లేదు. ఈమధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి రెండూ ఒకేసారి కుదరకపోతే ఎస్‌ఎస్‌డీకే మొదటి ఓటు.

మారితే ఏం మారుతుంది

రోజువారీ వాడకంలో తేడా తక్కువ. స్టార్ట్ బటన్ మధ్యలోకి వస్తుంది, సెట్టింగ్స్‌లో టాస్క్‌బార్ పేజీకి పోయి ఎడమకు జరుపుకోవచ్చు. మౌస్ కుడి బటన్ నొక్కితే వచ్చే మెనూ కుదించేశారు, పాత మెనూ కావాలంటే షో మోర్ ఆప్షన్స్ అని ఇంకో నొక్కు. ఇవి వారం రోజుల్లో అలవాటైపోతాయి. కొత్తగా వేసేటప్పుడు నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది, మన పెద్దవాళ్లకు అదొక తలనొప్పి, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మాత్రం డైరీలో రాసి పెట్టండి, ఎందుకో తర్వాత అర్థమవుతుంది.

తెలుగు సంగతికొస్తే, యూనికోడ్ తెలుగుకు, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే తెలుగుకు, ఇబ్బందేమీ లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగొచ్చే ఫొనెటిక్ కీబోర్డు కూడా 10లో ఉన్నట్టే 11లోనూ ఉంది. నిర్మలా ఫాంట్ దాంతోపాటే వస్తుంది. గౌతమి, వాణి ఫాంట్లు కనపడకపోతే భయపడొద్దు, సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌లోకి పోయి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని వెతికి పెట్టుకుంటే వచ్చేస్తాయి.

పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్ విండోస్ 11లో ఉండదు. కొన్ని పాత సైట్లు దాంట్లోనే తెరుచుకుంటాయి అనుకునేవాళ్లు ఎడ్జ్ బ్రౌజర్‌లో ఐఈ మోడ్ వాడుకోవచ్చు, దాన్ని కనీసం 2029 వరకు ఉంచుతామని మైక్రోసాఫ్ట్ మాట ఇచ్చింది.

అసలు తలనొప్పి పాత సాఫ్ట్‌వేర్‌తో

మన ఊర్లలో సిస్టమ్ అంటే బ్రౌజర్ ఒక్కటే కాదు. డీటీపీ షాపులో పేజీలు దిద్దే పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్ట్ మేనేజర్, దాంట్లోని యాపిల్ అనే కీబోర్డు వరుస అలవాటున్న చేతులు. వ్యాపారి దగ్గర ట్యాలీ. ఆడిటర్ ఆఫీసులో డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటిది). సర్వీసు సెంటర్లలో వేలిముద్ర యంత్రం. కౌంటర్ మీద టీవీఎస్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. విండోస్ మార్చేది వీటిలో ఏదీ పాడు కాకుండా మార్చాలి, లేకపోతే మార్చకపోవడమే మేలు.

2020లో విండోస్ 7 గడువు అయిపోయినప్పుడు మా చిన్నాయన సిస్టమ్‌ను నేనే 10కి మార్చా. మాఘమాసం, పెళ్లిళ్ల సీజన్. అది 32 బిట్ 7, నేను 64 బిట్ 10 తాజాగా వేశా. డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్ అన్నీ కాపీ చేసుకున్నా గానీ, విండోస్ ఫోల్డర్‌లో ఉన్న ఫాంట్స్ ఫోల్డర్ మర్చిపోయా. తెల్లారి ఆయన ఒక పత్రిక తెరిస్తే, చి.ల.సౌ. అని ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు. పెళ్లికూతురి పేరు, ముహూర్తం, తాతల పేర్లు అన్నీ అట్లే. ఆ పాత ఫాంట్లు యూనికోడ్ కావు, ఫాంటు లేకపోతే కింద ఉన్న అక్షరాల గుట్టే కనిపిస్తుంది. పోనీ సాఫ్ట్‌వేర్ మళ్లీ వేద్దామంటే ఆయన దగ్గరున్న ఒక పాత సీడీలో ఇన్‌స్టాలర్ 16 బిట్ది, 64 బిట్ విండోస్ దాన్ని ముట్టుకోనే లేదు. బయట పెళ్లివాళ్లు కూర్చున్నారు. చిన్నాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. అదృష్టం ఏందంటే నేను విండోస్ 10ని కొత్త ఎస్‌ఎస్‌డీ మీద వేశా, పాత హార్డ్ డిస్క్ అట్లే తీసి టేబుల్ మీద పెట్టి ఉంది. అది మళ్లీ తగిలిస్తే పాత విండోస్ 7 ఉన్నదున్నట్టు లేచింది, పత్రికలు ఆ పూటే ప్రింటుకు పోయాయి.

అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి, మీరూ అదే పాటించండి. కొత్త విండోస్‌ను పాత డిస్క్ మీద వేయొద్దు. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద వేసి, పాత డిస్క్‌ను కనీసం మూడు నెలలు బీరువాలో పెట్టండి. ఏది మర్చిపోయినా దాంట్లో ఉంటుంది.

16 బిట్ సంగతి మళ్లీ చెబుతా, ఇది పోలికలో ముఖ్యం. మీరు ఇప్పటికే 64 బిట్ విండోస్ 10లో ఉంటే, ఇప్పుడు నడుస్తున్న 32 బిట్ సాఫ్ట్‌వేర్‌లలో ఎక్కువ భాగం 11లోనూ నడుస్తాయి. 32 బిట్ విండోస్ 10లో ఉంటేనే గండం, పాత 16 బిట్ ప్రోగ్రామ్‌లు, పాత డ్రైవర్లు అక్కడే ఆగిపోతాయి. అందుకే పేజ్‌మేకర్, అను వాడేవాళ్లు మీ దగ్గరున్న వెర్షన్‌నే 11 ఉన్న ఇంకొకరి సిస్టమ్‌లో ఒకసారి వేసి, ఒక పాత పత్రిక తెరిచి, నాలుగు లైన్లు కొట్టి, ప్రింట్ తీసి చూసుకున్నాకే మీది ముట్టుకోండి. తెరుచుకుంది కదా అని సరిపెట్టుకోవద్దు, ఒత్తులు, వట్రసుడి సరిగ్గా పడుతున్నాయో లేదో కాగితం మీద చూడాలి.

ట్యాలీ వాళ్లకు ఒక హెచ్చరిక. ట్యాలీ ప్రైమ్ విండోస్ 11లో హాయిగా నడుస్తుంది, ఆ విషయంలో దిగులు వద్దు. కానీ ఫార్మాట్ చేసే ముందు, సిస్టమ్ మార్చే ముందు లైసెన్స్ సరెండర్ చేయాలి. చేయకుండా డిస్క్ తుడిచేస్తే కొత్తదాంట్లో యాక్టివేట్ చేసేటప్పుడు తిప్పలు పడాలి. డేటా ఫోల్డర్ రెండు చోట్ల కాపీ పెట్టండి.

ప్రింటర్ల విషయానికొస్తే, మన దగ్గర ప్రతి షాపులోనూ కనిపించే చిన్న క్యానన్, హెచ్‌పీ లేజర్ ప్రింటర్లు 64 బిట్ డ్రైవర్ ఉంటే 11లోనూ నడుస్తాయి. 10లో వాడిన డ్రైవర్ ఫైల్ ముందే పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. డాట్ మ్యాట్రిక్స్ వాళ్లకు విండోస్‌తో సమస్య రాదు, కొత్త కంప్యూటర్ వెనకాల ఆ పెద్ద ప్యారలల్ పోర్టు ఉండదు, అక్కడ చిక్కు. కొనేముందు మీ ప్రింటర్‌కు యూఎస్‌బీ ఉందో లేదో చూసుకోవాలి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, వేలిముద్ర యంత్రం వాడేవాళ్లు తయారీ కంపెనీ సైట్‌లో 11కి డ్రైవర్ ఉందో లేదో చూసి, దించుకుని, అప్పుడు మొదలుపెట్టండి. 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఆన్‌లో ఉంటే మరీ పాత డ్రైవర్లను లోపలికి రానివ్వదు.

10లోనే ఉండి ఏడాది గడువు తీసుకోవడం

సిస్టమ్ 11ని మోయదు, ఇప్పుడు కొనే స్తోమత లేదు, కానీ నెట్ తప్పదు అనేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఒక దారి ఇచ్చింది. ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) అంటారు. అందులో చేరితే విండోస్ 10కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. చేరడానికి మూడు మార్గాలు: సెట్టింగ్స్‌ను విండోస్ బ్యాకప్‌తో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు సింక్ చేస్తే ఉచితం, లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. ఏ మార్గమైనా మైక్రోసాఫ్ట్ అకౌంట్ తప్పదు. ఒకే అకౌంట్ మీద 10 సిస్టమ్‌ల దాకా చేర్చుకోవచ్చు. మీ విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీలో కనిపిస్తుంది.

ఉచితం కదా అని దీన్నే శాశ్వతం అనుకోవద్దు, ఇది డబ్బు కూడబెట్టుకోవడానికి ఇచ్చిన సమయం. డొమైన్‌లో (ఆఫీసు సర్వర్ అదుపులో) కలిపిన ఆఫీసు సిస్టమ్‌లకు ఇది వర్తించదు. వాటికి వేరే పథకం, ఒక్కో యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు, మూడేళ్లకు మించి లేదు. ఆ లెక్కన మూడేళ్లకు ఎంతవుతుందో కూడుకుంటే, చిన్న ఆఫీసుకు ఎనిమిదో తరం సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కొనుక్కోవడమే నయం.

దొడ్డిదారిన 11

షరతులు దాటించి పాత సిస్టమ్‌లో 11 వేసే మార్గాలు ఉన్నాయి, రూఫస్ లాంటి ఉచిత టూల్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేస్తే టీపీఎం అడగదు. నడుస్తుందా అంటే నడుస్తుంది. ఎక్కువ చోట్ల నెలనెలా అప్‌డేట్లు కూడా వస్తున్నాయి. కానీ ఇట్లాంటి సిస్టమ్‌కు అప్‌డేట్లు ఇస్తామన్న పూచీ లేదని మైక్రోసాఫ్ట్ రాతపూర్వకంగానే చెప్పింది. హోమ్, ప్రో రకాలకు ఒక్కో వెర్షన్ సపోర్ట్ 24 నెలలే, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ అదే తంతు చేయాలి. 24హెచ్2 నుంచి కోర్ 2 డుయో కాలంనాటి చాలా పాత ప్రాసెసర్ల మీద అసలు బూట్ కూడా కాదు. సొంతంగా చేసుకోగలిగిన కుర్రాళ్లు ఇంటి సిస్టమ్‌లో చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఇంకొకరి షాపు బతుకుతెరువు నడిచే సిస్టమ్‌లో మాత్రం నేను వేయను, అడిగినా వేయను.

ఐదొందలకు విండోస్ కీ, కీ కొనకుండానే విండోస్‌ను యాక్టివేట్ చేసే ఉచిత యాక్టివేటర్ అనేవాటి గురించి కూడా ఒక మాట. యాక్టివేటర్ నడపాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది కదా, అక్కడే ఆలోచించండి. భద్రత కోసం 11కి మారుతూ, మొదటి పనిగా భద్రత ఆపేసి తెలియని ప్రోగ్రామ్‌ను లోపలికి పిలవడం ఏం న్యాయం? మీ విండోస్ 10 అసలైనదైతే 11కి అప్‌గ్రేడ్ ఉచితమే, కీ కొనాల్సిన పని లేదు.

లినక్స్ మింట్

ఇది విండోస్ బదులు వేసుకునే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. దీన్ని మన దగ్గర చాలా తక్కువగా చూస్తారు, నాకు అది బాధ. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న సిస్టమ్‌లో లినక్స్ మింట్ చక్కగా పరిగెత్తుతుంది. ఉచితం, మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి. బ్రౌజర్, లిబ్రే ఆఫీస్, పీడీఎఫ్‌లు, యూట్యూబ్ పాఠాలు, యూనికోడ్ తెలుగు, అన్నీ జరుగుతాయి. పోతన, వేమన లాంటి మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, డిస్క్ ముట్టుకోకుండా రెండు రోజులు వాడి చూసుకునే వీలుంది, అంత ధైర్యంగా పరీక్షించుకునే అవకాశం విండోస్‌లో లేదు. ట్యాలీకి లినక్స్ రకం లేదు, పేజ్‌మేకర్, అను సంగతి మర్చిపోవచ్చు, వేలిముద్ర యంత్రాలవాళ్లు ఇటు చూడొద్దు. ప్రింటర్ మాత్రం ఆ పెన్‌డ్రైవ్ పరీక్షలోనే తగిలించి ఒక పేజీ తీసి చూడండి, కొన్ని చిన్న లేజర్ ప్రింటర్లు లినక్స్‌లో బాగా సతాయిస్తాయి. పిల్లల చదువుకు, ఇంట్లో పెద్దవాళ్లకు, బ్యాంకు పనులకు మాత్రం ఉన్న పాత సిస్టమ్‌ను పారేయకుండా నిలబెట్టే దారి ఇదే.

కొనేటట్టయితే

కర్నూలువాళ్లం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోతాం, అనంతపురంవాళ్లు బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు. రెండు చోట్లా కంపెనీల నుంచి వచ్చిన పాత డెల్, లెనోవో, హెచ్‌పీ సిస్టమ్‌లు గుట్టలుగా ఉంటాయి. విండోస్ 11 ఉంది అని స్క్రీన్ ఆన్ చేసి చూపిస్తారు. చూసి మురిసిపోకండి, నాలుగో తరం, ఆరో తరం వాటిలో కూడా దొడ్డిదారిన 11 వేసి అమ్ముతారు. అక్కడే నిలబడి ప్రాసెసర్ అంకె చదవండి, విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని కొట్టి వెర్షన్ 2.0 అని వస్తోందో లేదో చూడండి, యాక్టివేషన్ పేజీ తెరవమనండి. ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ అయితే ట్యాలీకి, బ్రౌజింగ్‌కు, మామూలు డీటీపీకి చాలు, దానికి కొత్తది అక్కర్లేదు. ఇంజనీరింగ్‌లో చేరబోయే పిల్లలకైతే నాలుగేళ్లు నడవాలి కాబట్టి కొత్త ల్యాప్‌టాప్ కొనివ్వండి, 16 జీబీ ర్యామ్‌కు తగ్గకుండా.

చేయి పెట్టే ముందు

2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిమీదికి వచ్చినప్పుడు చిన్నాయన షాపులో నీళ్లు దిగాక బురదలోంచి రెండు సీపీయూలు ఎత్తి బయట పెట్టాం. డబ్బా తెరిస్తే లోపల ఫ్యాన్ రెక్కల మధ్య కూడా ఒండ్రు. పదేళ్ల పత్రికల డిజైన్లు, పాత కస్టమర్ల మ్యాటర్ అంతా పోయింది, ఎందుకంటే రెండో కాపీ కూడా అదే షాపులో, అదే బల్ల కింద ఉండేది. బ్యాకప్ వేరే డిస్క్‌లో, వేరే ఇంట్లో ఉండాలి అని నేను అందరినీ విసిగించేది అందుకే. ఫైళ్లతో పాటు ఫాంట్స్ ఫోల్డర్, డ్రైవర్లు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, ట్యాలీ డేటా.

ఇంకో జాగ్రత్త బిట్‌లాకర్ గురించి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు తాళం పడి ఉంటుంది, మీకు తెలియకుండానే. బయోస్‌లో టీపీఎం సెట్టింగ్ ముట్టుకుంటే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాగి ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ డైరీలో రాయమన్నది ఇందుకే. కడపలో మా అక్క కూతురు ఒక రాత్రి ఏడుస్తూ ఫోన్ చేసింది, “మామా, ప్రాజెక్టు మొత్తం దీంట్లోనే ఉంది” అని. అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుండబట్టి ఫోన్‌లో లాగిన్ అయ్యి కీ చదివి కొట్టింది. గుర్తులేకపోతే ఆ డిస్క్‌లో ఉన్నది ఎవరూ తీయలేరు.

అప్‌గ్రేడ్‌కు ఎస్‌ఎస్‌డీ మీద గంటో రెండు గంటలో పడుతుంది, హార్డ్ డిస్క్ మీద పూటంతా. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు నమ్ముకుని మొదలుపెట్టొద్దు, యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో చూసుకుని, తెల్లవారుజామున పెట్టండి. నచ్చకపోతే 10 రోజుల లోపు సెట్టింగ్స్‌లో రికవరీ నుంచి మళ్లీ 10కి వెనక్కి పోవచ్చు. ఆ పది రోజుల్లో మీ ప్రతి సాఫ్ట్‌వేర్, ప్రతి ప్రింటర్, ప్రతి టోకెన్ ఒక్కసారైనా వాడి చూడండి. పదకొండో రోజు గుర్తొస్తే లాభం లేదు.

ఇక ఎవరికి ఏది అంటే. సిస్టమ్ 11కి అర్హమై, ట్యాలీ, బ్యాంకు, జీఎస్టీ పనులు చేసేవాళ్లు ఆలస్యం చేయకుండా మారండి. అర్హం కాని ఇంటి సిస్టమ్ అయితే ముందు ఈఎస్‌యూలో చేరి, మెల్లగా మింట్ ప్రయత్నించండి. సర్వీసు సెంటర్లు, ఆడిటర్ ఆఫీసులు కొనడం గురించే ఆలోచించండి, మీ దగ్గర ఉన్నది జనాల ఆధార్లు, పాన్ కార్డులు, మీవి కాదు. పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ మీద బతికేవాళ్లు మాత్రం అప్‌గ్రేడ్ చేయొద్దు, విడదీయండి.

చిన్నాయనకు అదే చేశాం. ఆయన పాత సిస్టమ్‌ను విండోస్ 10తోనే ఉంచి, నెట్ వైరు పీకేసి, వైఫై డాంగిల్ తీసేశా. అందులో పేజ్‌మేకర్, ఫాంట్లు, ప్రింటరు, అంతే. పక్కన ఎనిమిదో తరం సెకండ్ హ్యాండ్ ఒకటి తెచ్చి 11 వేశా, వాట్సాప్‌లో వచ్చే మ్యాటర్, ఫోటోలు, ఫోన్‌పే లెక్కలు, జీఎస్టీ అన్నీ దాంట్లో. రెండింటి మధ్య తిరగడానికి ఒకే పెన్‌డ్రైవ్, ఎర్ర దారం కట్టి మేకుకు తగిలించా. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ ఏదైనా ముందు 11 ఉన్న సిస్టమ్‌లో స్కాన్ కావాలి, పాతదాంట్లోకి నేరుగా పెట్టకూడదు. మొదటి వారం రెండు కుర్చీల మధ్య తిరగలేక విసుక్కున్నాడు. ఇప్పుడు ఎవరైనా పెన్‌డ్రైవ్ చాపితే, తల ఎత్తకుండానే, “ముందు ఆ పక్కదాంట్లో పెట్టప్పా” అంటున్నాడు.